ఐదో జత కాళ్ళు

సముద్రంలో ఎవరి జనాభా ఎక్కువ అంటే ఠక్కున చేపలు అనేస్తాం. సన్నటి వల వేసి తలలు లెక్కపెడితే చాలాచోట్ల మొదటి స్థానం చేపలది కాదు, కోపెపాడ్‌లది. ఈ పేరు ఎప్పుడూ వినని వాళ్ళకి నాలుగు ముక్కల్లో పరిచయం: రొయ్యకీ పీతకీ దూరపు చుట్టం. మామూలుగా ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడుగు. తలకి రెండు పొడవాటి మీసాలు, పొట్ట కింద తెడ్లలాంటి కాళ్ళు. గ్రీకులో కోపె అంటే తెడ్డు, అందుకే ఆ పేరు. నీటిలో కంటికి కనపడని నాచుకణాలని ఇవి తింటాయి, వీటిని చేపపిల్లలు తింటాయి. అంటే సముద్రంలో ఎండని చేపగా మార్చే గొలుసులో ఇది మధ్య లంకె అన్నమాట.

ఇప్పటిదాకా పేరు పెట్టిన కోపెపాడ్ జాతులు పదమూడు వేలు దాటాయి. అన్నిటి గురించీ రాసే ఓపిక నాకు లేదు, చదివే ఓపిక మీకూ ఉండదు. అందుకని ఒక్క పేరు చరిత్ర చెప్తాను. మొన్నామధ్య లంచ్ దగ్గర మా టీములో ఒకాయన "వర్గీకరణ అంటే ఏముందండీ, సీసాలకి లేబుళ్ళు అంటించడమేగా, ఇంకో పదేళ్ళలో అదంతా మెషిన్ లెర్నింగే చేసేస్తుంది" అన్నాడు. అన్నం తింటూ చెప్పలేనంత పెద్ద జవాబు ఇది. అందుకే టపా.

ఆ పేరు కలానస్ ఫిన్‌మార్కికస్. ఉత్తర అట్లాంటిక్‌లో ఉంటుంది. కోపెపాడ్‌లలో కాస్త పెద్దదే, దాదాపు మూడు మిల్లీమీటర్లు. నార్వే జాలర్లకి ఇది ఎప్పటినించో తెలుసు. హెర్రింగ్ చేప కడుపు కోస్తే ఎర్రగా ముద్దలా కనిపించేది ఇదే. వాళ్ళ భాషలో రౌడోటె అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఎర్ర ఎర :)

శాస్త్రం పుస్తకాల్లోకి దీన్ని ఎక్కించినవాడు ఒక బిషప్పు. పేరు యోహాన్ ఎర్న్‌స్ట్ గున్నెరస్, ట్రోండ్‌హైమ్‌లో ఉండేవాడు. 1760లో అక్కడ ఒక విద్వత్సభ పెట్టాడు (అది ఇప్పటికీ ఉంది, నార్వేలో అన్నిటికన్నా పాత శాస్త్ర సంస్థ). ఆయన అధికార పరిధి నార్వే ఉత్తరపు కొసన ఉన్న ఫిన్‌మార్క్ దాకా పోతుంది. చర్చిల తనిఖీకి వెళ్ళినప్పుడు మొక్కలూ జంతువులూ పోగేసుకొచ్చేవాడు. నార్వే సముద్రంలోని చిన్న చిన్న అరుదైన జంతువుల మీద 1770లో అచ్చయిన ఒక వ్యాసంలో ఈ ఎర్ర ఎరకి మోనోక్యులస్ ఫిన్‌మార్కికస్ అని పేరు పెట్టాడు.

మోనోక్యులస్ ఏమిటంటారా? ఒంటి కన్నుది అని. కోపెపాడ్‌లకి నుదుటి మధ్య ఒకటే కన్ను ఉన్నట్టు కనిపిస్తుంది. లిన్నేయస్ 1758లో చిన్న చిన్న నీటి జంతువులన్నిటినీ ఈ ఒక్క సంచిలో పడేశాడు. మన కోడ్‌లో యుటిల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది చూడండి, ఎక్కడ పెట్టాలో తెలియనివన్నీ అందులోకే పోతాయి. ఆ బాపతు. చేపల మొప్పలకి అంటుకుని రక్తం తాగే కోపెపాడ్‌లనైతే లిన్నేయస్ ఏకంగా పురుగుల్లో కలిపేశాడు. ఆయన తప్పేం లేదు. పెద్దయ్యాక అవి కాళ్ళూ మీసాలూ పోగొట్టుకుని నిజంగా పురుగుల్లాగే ఉంటాయి. అవి పిల్లలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటాయో అలెగ్జాండర్ ఫాన్ నార్డ్‌మన్ లాంటి వాళ్ళు 1832 ప్రాంతంలో చూసి చెప్పేదాకా అవి ఏ ఇంటివో గట్టిగా తేలలేదు.

ఈ పిల్లల గొడవ ఇంకోటి చెప్పాలి, నాకు భలే ఇష్టమైంది. డెన్మార్క్‌కి చెందిన ఓటో ఫ్రెడ్రిక్ ముల్లర్ లిన్నేయస్ సంచిని విప్పి సర్దడం మొదలెట్టాడు. మంచినీటిలో ఉండే ఒంటికంటి కోపెపాడ్‌కి గ్రీకు పురాణాల్లోని ఒంటికన్ను రాక్షసుడి పేరు, సైక్లాప్స్, పెట్టింది ఆయనే. దానితోపాటు అదే నీటిలో ఈదుతున్న మూడు జతల కాళ్ళ బుల్లి జీవికి నాప్లియస్ అని వేరే పేరు పెట్టి వేరే ప్రజాతిగా రాసుకున్నాడు. తీరా చూస్తే ఆ నాప్లియస్ మరెవరో కాదు, సైక్లాప్స్ పిల్లే! ఒకే మనిషికి చిన్నప్పుడొక ఆధార్, పెద్దయ్యాక ఇంకో ఆధార్ ఇచ్చినట్టు. గుడ్డు నుంచి పెద్దయ్యేదాకా అన్ని దశలనీ జెనీవాలో లూయీ జురీన్ ఓపిగ్గా పెంచి, చూసి, బొమ్మలు వేయించిన పుస్తకం 1820లో వచ్చింది, అప్పటికి ఆయన పోయి ఏడాది. నాప్లియస్ అనే మాట మాత్రం చావలేదు. ఇప్పుడు జాతి పేరుగా కాకుండా దశ పేరుగా బతుకుతోంది. ఇవాళ మన రొయ్యల హేచరీల్లో నాప్లియై అని లెక్కకట్టి అమ్ముతారే, ఆ మాటకి మూలం ముల్లర్ గారి డూప్లికేట్ ఎంట్రీయే.

సరే, బిషప్పు గారి పురుగు దగ్గరకి వద్దాం. తర్వాత్తర్వాత మోనోక్యులస్ సంచి పూర్తిగా చిరిగిపోయి మన జంతువు కలానస్ అనే ప్రజాతిలోకి వచ్చింది. అందుకే ఇవాళ శాస్త్రజ్ఞులు దీని పూర్తి పేరు రాసేటప్పుడు చివర గున్నెరస్, 1770 అని బ్రాకెట్లలో రాస్తారు. ఆ బ్రాకెట్లు ఊరికే కాదు. ఈయన మొదట పేరు పెట్టాడు కానీ వేరే ప్రజాతిలో పెట్టాడు, తర్వాత ఎవరో జరిపారు అని వాటి అర్థం. పేరులోనే గిట్ బ్లేమ్ ఉందన్నమాట. మనవాళ్ళు 2005లో కనిపెట్టిన దానికంటే ఎంత ముందో చూడండి.

అసలు చిక్కు 1863లో మొదలైంది. కార్ల్ క్లౌస్ అనే జర్మన్ ప్రొఫెసర్ స్వేచ్ఛగా తిరిగే కోపెపాడ్‌ల మీద పెద్ద పుస్తకం వేశాడు. అందులో ఉత్తర సముద్రంలోని హెల్గోలాండ్ ద్వీపం పేరుమీద ఇంకో జాతి ఉంది. ఇవాళ్టి పేరు కలానస్ హెల్గోలాండికస్. (ఆ ద్వీపం అప్పటికి బ్రిటిష్ వాళ్ళది. 1890లో జర్మనీకి ఇచ్చేశారు.) రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే కవలల్లా ఉంటాయి. అదే ఒళ్ళు, అవే మీసాలు, సైజులో చిన్న తేడా. తేడా ఎక్కడంటే ఐదో జత కాళ్ళలో. ఆ కాలి మొదట్లో లోపలి అంచున రంపం పళ్ళలాంటి వరస ఉంటుంది. ఫిన్‌మార్కికస్‌లో ఆ వరస దాదాపు తిన్నగా ఉంటుంది, హెల్గోలాండికస్‌లో లోపలికి వంగి ఉంటుంది. తల ముందుభాగం కూడా ఒకదానిది గుండ్రం, ఇంకోదానిది కాస్త కోసు. అంతే.

మూడు మిల్లీమీటర్ల జంతువులో ఒక కాలి అంచు వంకర! దీనికోసం ఒక జాతా అని చాలామంది కొట్టిపారేశారు. ఒకే జాతిలో రెండు రూపాలులే అన్నారు. కాదని నిలబడ్డవాళ్ళలో ముఖ్యుడు నార్వేకే చెందిన గెయోర్గ్ ఓసియన్ సార్స్. ఈయన గురించి వేరే టపా రాయొచ్చు. ఆస్ట్రేలియా నుంచి ఎండు బురద తెప్పించుకుని, దాన్ని క్రిస్టియానియాలో (ఇప్పటి ఓస్లో) నీళ్ళ తొట్టెలో కలిపి, అందులో నిద్రపోతున్న గుడ్లు పొదిగి పుట్టిన జంతువులకి పేర్లు పెట్టిన మహానుభావుడు. దేశం దాటకుండా ఇంకో ఖండపు జంతువుల్ని కనిపెట్టడం అంటే ఇదీ. అంతకుముందు 1860లలో లొఫోటెన్ దీవుల దగ్గర కాడ్ చేపల మీద పనిచేస్తూ, కాడ్ గుడ్లు అడుగున పడి ఉండవు, పైన తేలుతూ ఉంటాయి అని చూపించిందీ ఈయనే. కాడ్ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తుంది. సార్స్ 1901 నుంచి నార్వే కోపెపాడ్‌ల మీద సంపుటాలు వరసగా వేశాడు. బొమ్మలన్నీ సొంతంగా గీసుకున్నాడు. ఆ బొమ్మల్లో ఐదో కాలు ఉంది, రెండు జాతులకీ విడివిడిగా. అయినా వాదన ఇంకో యాభై ఏళ్ళు నడిచింది.

1955లో రష్యన్ శాస్త్రజ్ఞుడు యాష్నోవ్ ఇంకో మెట్టు ముందుకెళ్ళాడు. ఉత్తరధ్రువం వైపు చల్లటి నీళ్ళలో ఫిన్‌మార్కికస్ అని మనం అంటున్నది అసలు వేరే జాతి అని చెప్పి కలానస్ గ్లేసియాలిస్ అని పేరు పెట్టాడు. అంటే బిషప్పు గారి ఒక్క పేరు కింద కనీసం మూడు జంతువులు కాపురం చేస్తున్నాయని తేలింది. వెచ్చటి నీళ్ళది హెల్గోలాండికస్, చల్లటి నీళ్ళది ఫిన్‌మార్కికస్, మంచు నీళ్ళది గ్లేసియాలిస్.

"అయితే ఏంటట?" అని మా సహోద్యోగి ఇక్కడే అడుగుతాడు. చెప్తాను.

ఇంగ్లండులో అలిస్టర్ హార్డీ అని ఒకాయన ఉండేవాడు. 1925-27లో అంటార్కిటికా వెళ్ళిన డిస్కవరీ ఓడలో పనిచేస్తూ ఒక యంత్రం తయారుచేశాడు. చేప ఆకారంలో ఉండే పెట్టె. ఓడ వెనక తాడు కట్టి వదిలితే పది మీటర్ల లోతులోపే ఈదుతూ వస్తుంది. ముందు అరంగుళం చదరపు కన్నం, అందులోంచి నీళ్ళు లోపలికి పోతాయి. లోపల పట్టుగుడ్డ చుట్ట, పాత సినిమా రీలు లాగా నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. పట్టుమీద చిక్కిన ప్రాణుల్ని ఇంకో పట్టుపొర కప్పేసి ఫార్మలిన్ తొట్టెలోకి తోసేస్తుంది. ఒడ్డుకొచ్చాక గుడ్డ విప్పి, పది నాటికల్ మైళ్ళకి ఒక ముక్క లెక్కన కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి లెక్కపెడతారు. దీని గొప్పదనం ఏమిటంటే పరిశోధన ఓడ అక్కర్లేదు, మామూలు సరకు ఓడలే లాక్కుపోతాయి. 1931లో మొదలైన ఈ సర్వే ఇప్పటికీ నడుస్తోంది. 1980ల చివర నిధులిచ్చేవాళ్ళు దీన్ని మూసేద్దామనుకున్నారు (పాతబడిన పద్ధతి, కొత్త సైన్సు కాదు అనే పాట ప్రతిచోటా ఉంటుందిగా). హార్డీ పేరుమీద ఒక ఫౌండేషన్ పెట్టి నిలబెట్టారు. 2018 నుంచి ప్లిమత్‌లోని మెరైన్ బయొలాజికల్ అసోసియేషన్ కింద ఉంది.

మనకి కావలసిన ముక్క ఇది. 1958 నుంచి ఈ సర్వేలో ఫిన్‌మార్కికస్‌నీ హెల్గోలాండికస్‌నీ విడిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అంతకుముందు రెండిటికీ కలిపి ఒకే కాలమ్. ఒక్క కాలమ్‌ని రెండు చేయడానికి ప్రతి ముక్కలోనూ పెద్దవాటిని తిప్పి, ఐదో కాలు వంకర చూడాలి. రోజుకి ఎన్నిసార్లు చూసి ఉంటారో ఊహించుకోండి. ఎవరూ పేపర్లో రాయరు, అవార్డులు రావు. స్కీమాలో ఒక్క మార్పు.

నలభై ఏళ్ళ తర్వాత ఆ మార్పు విలువ బయటపడింది. 2002లో గ్రెగరీ బొగ్రాన్, ఆయన సహచరులు 1960 నుంచి 1999 దాకా ఉన్న లెక్కలు తీసి చూస్తే, వెచ్చటి నీళ్ళ కోపెపాడ్‌లు ఈశాన్య అట్లాంటిక్‌లో ఉత్తరానికి పది అక్షాంశాలకి పైగా జరిగాయి. పది అక్షాంశాలంటే దగ్గరదగ్గర 1,100 కిలోమీటర్లు, చెన్నై నుంచి నాగపూర్ కూడా దాటిపోయేంత. చల్లటి నీళ్ళవి వెనక్కి తగ్గాయి. ఉత్తర సముద్రంలో 1980ల నడుమ నుంచి ఫిన్‌మార్కికస్ పడిపోతూ హెల్గోలాండికస్ పెరుగుతూ వచ్చింది.

పోతే పోయింది, దాని తమ్ముడు వచ్చాడుగా, చేపలు దాన్ని తింటాయి అనుకోవచ్చు. కుదరదు. 2003లో అదే బృందం కాడ్ లెక్కలతో కలిపి చూపించింది. ఫిన్‌మార్కికస్ వసంతంలో ఎక్కువగా ఉంటుంది. కాడ్ పిల్లలు గుడ్లలోంచి వచ్చి ఆకలితో నోరు తెరిచేది కూడా అప్పుడే. హెల్గోలాండికస్ జోరు వేసవి చివరా, శరత్తులోనూ. అంటే పిల్లలు విస్తరి ముందు కూర్చున్నప్పుడు వడ్డన లేదు, వడ్డన వచ్చేసరికి పంక్తి లేచిపోయింది. పైగా హెల్గోలాండికస్ పెరిగింది ఫిన్‌మార్కికస్ తగ్గినంత కాదు కాబట్టి మొత్తం తిండీ తగ్గింది. ఉత్తర సముద్రపు కాడ్ కుప్పకూలడానికి విపరీతంగా పట్టెయ్యడం ముఖ్య కారణమే, అందులో అనుమానం లేదు. కానీ పట్టడం తగ్గించినా తేరుకోవడం ఎందుకంత కష్టమైందో అర్థం కావాలంటే ఈ పిల్లల తిండి సంగతి తెలియాలి. కాలమ్ ఒక్కటే ఉండి ఉంటే ఏం కనిపించేది? కలానస్ కొంచెం తగ్గింది అని ఒక గీత. అంతే. ఒకటి పోయి ఇంకోటి వచ్చింది, వచ్చినదానికి వేళ కుదరలేదు అనే సంగతి ఆ గీతలోంచి ఏ అల్గారిథమూ తీయలేదు, అందులో లేదు కాబట్టి.

ఇదంతా ఎక్కడో నార్వే, ఇంగ్లండు కబుర్లు అనుకునేవాళ్ళ కోసం కృష్ణ ఒడ్డుకి ఒకసారి వచ్చి వెళ్దాం. సముద్రం కాదు, మంచినీళ్ళు. కానీ కొత్త జాతిని ఎలా పట్టుకుంటారో తెలుస్తుంది. గుంటూరు దగ్గర ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో వై. రంగారెడ్డి అనే జంతుశాస్త్రవేత్త కోపెపాడ్‌ల మీద దశాబ్దాలు పనిచేశారు. డయాప్టమిడే అనే కుటుంబంలోని కొన్ని ప్రజాతులని ఎలా గుర్తించాలో చెప్పే గైడు 1994లో రాసింది ఆయనే. 2001లో విజయవాడ దగ్గర కృష్ణ ఇసుకలోంచి పారాస్టెనోకారిస్ అనే ప్రజాతికి చెందిన మూడు కొత్త జాతుల్ని వర్ణించారు. ఆ కుటుంబం మన దేశంలో ఉందని తెలియడమే అప్పుడు. ఇవి ఇసుక రేణువుల సందుల్లో పాకే సన్నటి దారప్పోగుల్లాంటివి, అర మిల్లీమీటరు కూడా ఉండవు. వాటిలో రెండిటి పేర్లు గాయత్రి, సవిత!

ఇలాంటివి పట్టడానికి ప్రపంచమంతా వాడే ఒక పద్ధతి ఏమిటో తెలుసా? నది ఒడ్డున ఇసుకలో గొయ్యి తీసి, ఊరిన నీళ్ళు తోడి, సన్నటి వలలో వడకట్టడం. ఇద్దరు యూరోపియన్ శాస్త్రజ్ఞుల పేర్లతో చలామణీలో ఉంది. మనవాళ్ళు దాన్ని చెలమ అంటారు.

పట్టడం తేలిక, ఆ తర్వాతదే కష్టం. జంతువుని గ్లిజరిన్ చుక్కలో పెట్టి, సన్నటి సూదులతో ఒక్కో కాలూ విడదీయాలి. అర మిల్లీమీటరు జంతువు కాళ్ళు! చెయ్యి వణికితే నమూనా పోయినట్టే. ఒక్కో కాలి మీద ఎన్ని ముళ్ళు, ఎన్ని నూగు వెంట్రుకలు, ఎక్కడ అతుకు అన్నీ చూసి గీయాలి. అప్పటిదాకా ప్రపంచంలో ఆ ప్రజాతిలో వచ్చిన వర్ణనలన్నీ, ఫ్రెంచిలో జర్మన్‌లో ఉన్నవి కూడా, చదివి ఇది వాటిలో ఏదీ కాదని నిరూపించాలి. ఒక నమూనాని మ్యూజియంలో దాచాలి, రేపు ఎవరైనా అనుమానపడితే తీసి చూసుకోవడానికి. మన భాషలో చెప్పాలంటే కోడ్ రివ్యూ రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా జరగొచ్చు, అందుకు సిద్ధపడి రాయాలి. నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టే పని. చేసేవాళ్ళు రిటైరవుతుంటే వాళ్ళ కుర్చీలు మాలిక్యులర్ బయాలజీకి పోతున్నాయి. నా ఉద్దేశంలో ఇది తెలివితక్కువ బేరం. ఎందుకంటారా, ఈ చివరి ముక్క వినండి.

డీఎన్ఏ చూడటం వచ్చాక ఈ గొడవలన్నీ తీరిపోవాలి కదా. 2017లో నార్వేలోని బోడో నుంచి మార్విన్ షొకె, ఆయన సహచరులు ఉత్తర అట్లాంటిక్, ఆర్కిటిక్‌లలో బోలెడు చోట్ల నుంచి కలానస్‌లను తెచ్చి జన్యువుల్ని బట్టి తేల్చారు. తీరా చూస్తే, మంచు నీళ్ళదనుకున్న గ్లేసియాలిస్ నార్వే ఫియర్డ్‌లలో చాలా దక్షిణం దాకా ఉంది. అన్నాళ్ళూ అక్కడ అది ఫిన్‌మార్కికస్ లెక్కలో పడుతోంది. కారణం: చాలాచోట్ల ఈ రెండింటినీ విడదీస్తున్నది ఒంటి పొడవుని బట్టి. పెద్దదైతే గ్లేసియాలిస్, చిన్నదైతే ఫిన్‌మార్కికస్. కానీ రెండు జాతుల సైజులూ కలిసిపోతాయని తేలింది. మరుసటి ఏడాది అదే బృందం మీసాల ఎరుపు రంగు, ఐదో కాలు కూడా పరీక్షించి, ఈ రెంటి మధ్య అవేవీ అన్నిచోట్లా నమ్మదగ్గ గుర్తులు కావని చెప్పింది. హెల్గోలాండికస్‌ని పట్టిచ్చిన ఐదో కాలు గ్లేసియాలిస్ దగ్గర చేతులెత్తేసింది.

ఇప్పుడు మా సహోద్యోగి గారి మెషిన్ లెర్నింగ్ సంగతి. ప్లాంక్టన్ ఫోటోలని గుర్తుపట్టే మోడళ్ళు ఉన్నాయి, బాగానే పనిచేస్తున్నాయి, నేనేం కాదనను. వాటికి ట్రెయినింగ్ డేటా ఎక్కడిది? ఎవరో ఒక మనిషి కూర్చుని ఒక్కో ఫోటోకి ఇది ఫలానా అని పెట్టిన లేబుల్. ఫియర్డ్‌లో పట్టిన వాటికి పొడవుని బట్టి ఫిన్‌మార్కికస్ అని లేబుల్ పెట్టి ఉంటే మోడల్ అదే నేర్చుకుంటుంది. తొంభై తొమ్మిది శాతం కచ్చితత్వంతో తప్పు చెబుతుంది. దాన్ని పట్టుకోవడానికి డీఎన్ఏ కావాలి. డీఎన్ఏ వరసని పోల్చడానికి డేటాబేసులో ఒక పేరు కావాలి. ఆ పేరు సరైన జంతువుకే తగిలించారని చెప్పడానికి, ఐదో కాలు విడదీయడం వచ్చిన మనిషి కావాలి. ఎటు తిరిగినా అక్కడికే.

2019లో నార్వే ఈ ఎర్ర ఎరని వ్యాపారానికి పట్టుకోవడానికి ఏడాదికి 2,54,000 టన్నుల కోటా ఇచ్చింది, ముఖ్యంగా నూనె కోసం. సముద్రంలో ఉన్నదానితో పోలిస్తే అది చాలా తక్కువని వాళ్ళ లెక్క. ఆ కోటా కాగితం మీద ఉన్న పేరు బిషప్పు గారిదే. ఫిన్‌మార్కికస్.

పాత లెక్కల్లో ఏది ఏదో తేల్చడానికి పాత సీసాలు తెరిచి చూడొచ్చు కదా అని నాకూ అనిపించింది. అట్లాంటిక్ చుట్టూ మ్యూజియంల బీరువాల నిండా ఉన్నాయి అవి. చిక్కేమిటంటే వాటిలో ఎక్కువ భాగం ఫార్మలిన్‌లో దాచినవి. ఫార్మలిన్ ఒంటిని వందేళ్ళయినా చెక్కుచెదరకుండా ఉంచుతుంది, ఐదో కాలి పళ్ళతో సహా. డీఎన్ఏనే ముక్కలు ముక్కలు చేసేస్తుంది.